జంతువుల బిస్కెట్ కట్టర్లు: పిల్లల చేతికి ఏవి పనికొస్తాయి?

ఇంట్లో పిల్లలతో బిస్కెట్లు చేద్దామనుకోగానే ముందు కొనేది కట్టర్లే. ప్యాకెట్ మీద ఏనుగు, జిరాఫీ, కుందేలు బొమ్మలు ముద్దుగా ఉంటాయి, కొనేస్తాం. తీరా పిండి కోశాక ఏనుగు తొండం కట్టర్‌లోనే ఇరుక్కుంటుంది. జిరాఫీ మెడ ట్రే దాకా చేరకుండానే తెగుతుంది. నాలుగేళ్ల పిల్ల మొహం చిన్నబోతుంది. పిండి అంటుకుంటోందని పెద్దవాళ్లు ఇంకో గుప్పెడు మైదా చల్లుతారు, దాంతో బిస్కెట్ రాయిలా తయారవుతుంది. ఈ తంటాలో పిండి పాత్ర కొంతే, మిగతాదంతా కట్టర్ ఆకారానిది.

బజార్లోనూ ఆన్‌లైన్లోనూ దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు: స్టీలు రేకు కట్టర్లు, స్ప్రింగుతో నొక్కే ప్లాస్టిక్ కట్టర్లు, త్రీడీ ప్రింటర్ మీద చేసినవి. మూడింటినీ ఒకే పిండి మీద వాడి చూసి చెబుతున్న మాట ఇది. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే తరహా సరుకు రకరకాల పేర్లతో దొరుకుతోంది కాబట్టి పేరు కన్నా వస్తువును చూసి కొనడమే నయం.

ముందే తీర్పు చెప్పేస్తాం. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు 5, 6 సెంటీమీటర్ల స్టీలు కట్టర్లే సరైనవి, అవీ చేప, బాతు, కుందేలు, కూర్చున్న పిల్లి, తాబేలు లాంటి బొద్దు ఆకారాలు. ఆరేళ్లు దాటినవాళ్లకు స్ప్రింగు సెట్ కొనండి, వాళ్లకు అందులో ఉన్న ఆనందం ఇంక దేంట్లోనూ ఉండదు. త్రీడీ ప్రింటు కట్టర్లు పిల్లల పనికి వద్దు.

స్టీలు కట్టర్‌లో చూడాల్సినవి

మొదట చూడాల్సింది ఆకారంలో అన్నిటికన్నా సన్నగా ఉన్న చోటు. మెడ, తోక, తొండం, కాలు, ఏదైనా సరే, అక్కడ వెడల్పు పిండి మందానికి రెండింతలు ఉండాలి. 5 మిల్లీమీటర్ల మందాన ఒత్తుతాం కాబట్టి సెంటీమీటరన్నా కావాలి. అంతకన్నా సన్నగా ఉంటే పచ్చిగా ఉన్నప్పుడు తెగుతుంది, తెగకుండా ట్రే ఎక్కినా ఓవెన్‌లో మిగతా ఒళ్లు ఉడికేలోపే మాడుతుంది. నాలుగు కాళ్లూ విడివిడిగా ఉన్న గుర్రం, పొడుగు మెడ జిరాఫీ, కొమ్ములు చీలిన జింక ఈ లెక్కకు నిలవవు. అమెరికాలో నేషనల్ బిస్కెట్ కంపెనీ 1902లో అమ్మకానికి తెచ్చిన ‘బార్నమ్స్ యానిమల్స్’ తరహా జంతువుల బిస్కెట్లను గమనిస్తే, కాళ్ల మధ్య ఖాళీ లేకుండా ఒళ్లంతా ఒకే దిమ్మగా ఉంటుంది. విరక్కుండా ఉండాలంటే అలాగే ఉండాలి మరి.

రెండోది అంచు. మంచి కట్టర్‌కు పై అంచు లోపలికి మడిచి గుండ్రంగా ఉంటుంది, కింది అంచు పదునుగా ఉంటుంది. రెండు వైపులా రేకు కోసినట్టే వదిలేసినవి చవగ్గా వస్తాయి. వాటిని పిల్లలు అరచేత్తో నొక్కితే చర్మం కోసుకుంటుంది. కొనేముందు వేలితో మెల్లగా తడిమి చూడండి. ఇందుకే ఈ ఒక్క వస్తువును షాపులో చేత్తో పట్టుకుని కొనమంటాం. హైదరాబాద్ వాళ్లకు బేగంబజార్ గిన్నెల దుకాణాలు ఉండనే ఉన్నాయి. ఆన్‌లైన్లో కొంటే ఫొటోలో పై అంచు మందంగా కనిపిస్తోందో లేదో పెద్దది చేసి చూడండి. మడత అంచు వైపు నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టి, చుక్క పైకి ఉండాలని చెబితే మూడేళ్ల పిల్లలకు కూడా తలకిందులు కాకుండా పట్టుకోవడం వస్తుంది. చుక్క బయటి వైపు, పిండి తగలని చోట పెట్టాలి.

మూడోది ఎత్తు. కనీసం 2 సెంటీమీటర్లు కావాలి. సెంటీమీటరున్నర ఉన్నవాటితో నొక్కినప్పుడు పిల్లల అరచేయి పిండికి తగిలి బొమ్మ మీద గుంట పడుతుంది. ఇక అతుకు. రేకు రెండు కొసలు కలిసిన చోట చుక్కల్లా వెల్డింగ్ ఉంటుంది. అక్కడ సందు ఉంటే పిండి ఇరుక్కుని ఎండిపోతుంది, కొన్నాళ్లకు అతుకే ఊడుతుంది. తగరం పూత పూసిన ఇనుప రేకువైతే తుప్పు మొదలయ్యేది కూడా ఆ సందులోనే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఇంకా తొందరగా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అని రాసి ఉన్నవే తీసుకోండి.

సైజు విషయంలో ముద్దుకు పోవద్దు. 3 సెంటీమీటర్ల బుల్లి కట్టర్ల సెట్లు చూడ్డానికి బావుంటాయి గానీ పిండి వాటిలోంచి ఊడి రాదు, టూత్‌పిక్‌తో తోయాల్సి వస్తుంది. 8 సెంటీమీటర్లవి పిల్లల అరచేతి కన్నా పెద్దవి, నొక్కినప్పుడు బరువు ఒక పక్కకే పడి ఇంకో పక్క తెగదు.

కట్టర్‌కు సరిపడే పిండి

ఎంత మంచి కట్టరైనా పొంగే పిండి మీద పనిచేయదు. బేకింగ్ పౌడర్, వంటసోడా రెండూ వేయకూడదు. వేస్తే బిస్కెట్ పొంగి కుందేలు చెవులు కలిసిపోతాయి, గీతలు చెరిగిపోతాయి. ఉస్మానియా బిస్కెట్‌లా నోట్లో కరిగిపోయే గుల్లదనం, అంచులు తేరిన ఆకారం ఒకే పిండిలో రావు. ఇక్కడ మనకు ఆకారమే ముఖ్యం.

మేం వాడిన కొలత ఇది: మైదా 200 గ్రాములు, బటర్ 100 గ్రాములు, పంచదార పొడి 70 గ్రాములు, పాలు 1 నుంచి 2 టేబుల్ స్పూన్లు, యాలకుల పొడి పావు చెంచా. ఉప్పు బటర్ అయితే వేరే ఉప్పు అక్కర్లేదు, ఉప్పు లేని బటర్ అయితే చిటికెడు వేయాలి. 5 సెంటీమీటర్ల కట్టర్‌తో 35 నుంచి 40 దాకా వస్తాయి. పంచదార తప్పకుండా మెత్తటి పొడిగా ఉండాలి. పలుకులుగా ఉంటే ఓవెన్‌లో కరిగి బిస్కెట్ పక్కలకు పాకుతుంది. బెల్లం పొడి వేసుకోవచ్చు, కాకపోతే అది కూడా కొంచెం పాకుతుంది, తొందరగా ఎర్రబడుతుంది. బెల్లం వేస్తే ఓవెన్ వేడిని 170 నుంచి 160 డిగ్రీలకు తగ్గించాలి. గోధుమ పిండి వేసేవాళ్లు సగం మైదా, సగం గోధుమ పిండి తీసుకుని పాలు ఇంకో చెంచా పెంచాలి. పూర్తిగా గోధుమ పిండితో చేస్తే అంచులు బీటలు వారతాయి.

కోడిగుడ్డు లేని పిండిని కావాలనే ఎంచుకున్నాం. పిల్లలు పిండి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఉండరు, పచ్చి గుడ్డు వాళ్ల కడుపుకు ప్రమాదం. అలాగని గుడ్డు లేకపోతే పచ్చి పిండి తినొచ్చని కాదు. మైదాలో కూడా రోగకారక క్రిములు ఉండవచ్చు, కాల్చాకే అవి చస్తాయి. ఇది మొదట్లోనే గట్టిగా చెప్పి, నమలడానికి పక్కన ఇంకేదైనా పెట్టండి.

బటర్ మెత్తగా ఉండాలి, కరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడి నిలవాలి. పంచదార పొడి వేసి రెండూ కలిసేదాకా మాత్రమే చెంచాతో కలపండి. కేకుకు గిలక్కొట్టినట్టు కొడితే గాలి చేరి ఓవెన్‌లో పొంగుతుంది. మైదా, యాలకుల పొడి వేసి వేళ్లతో కలిపి, పాలు చెంచా చెంచాగా పోస్తూ ముద్ద అయిందనగానే ఆపాలి. చపాతీ పిండిలా మర్దన చేయడం ఇక్కడ పెద్ద పొరపాటు. మైదాలోని జిగురు సాగి, కాల్చినప్పుడు వెనక్కి లాగుతుంది. పొడుగ్గా కోసిన మొసలి పొట్టిగా, లావుగా బయటికి రావడానికి కారణం ఇదే. పిల్లలకు పిండి పిసకడం ఇష్టం కాబట్టి పిసుక్కోవడానికి విడిగా ఒక చిన్న ముద్ద ఇవ్వండి, ఆ ముద్దను బిస్కెట్లలో కలపొద్దు.

తర్వాత అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. ముందురోజే కలిపి పెట్టుకుంటే ఇంకా మేలు. పిల్లల ఓపిక ఇరవై నిమిషాలే, ఆ ఇరవై నిమిషాలూ కోతకే మిగలాలి.

మన ఎండలకు ఇంకో జాగ్రత్త కావాలి. బటర్ 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో ఖమ్మంలోనో వంటగది దాన్ని ఎప్పుడో దాటేసి ఉంటుంది. పిల్లల చేతుల వేడి అదనం. అందుకని పిండిని ముద్దగా కాకుండా పలకగా చల్లబరచాలి. రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో 5 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, ఆ పేపర్లతోనే పళ్లెం మీద పెట్టి 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. మందం అంతటా ఒకేలా రావాలంటే పిండికి రెండు వైపులా రెండేసి ప్లాస్టిక్ స్కేళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి కర్రను వాటి మీద నడిపించవచ్చు. ఈ పని పిల్లలు భలే చేస్తారు. ఒక్కొక్కరికీ 70 గ్రాముల ముద్ద, ఒక్కో పేపరు విడిగా ఇస్తే తగువులుండవు, ఒకరిది మెత్తబడితే ఇంకొకరి పలక ఫ్రిజ్‌లో చల్లగా ఉంటుంది. బటర్ బదులు డాల్డా వేస్తే వేడికి తట్టుకుంటుందని కొందరు అంటారు. తట్టుకునే మాట నిజమే. 2022 జనవరి నుంచి ఇలాంటి కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం కూడా ఉంది. అయినా రుచిలో బటర్‌కు సాటి రాదు, నాలిక మీద మైనంలా పేరుకుంటుంది.

స్టీలు కట్టర్‌తో కోసేటప్పుడు ఒక్క సూత్రం పాటిస్తే సగం జంతువుల కాళ్లు దక్కుతాయి: జంతువును ఎత్తకండి, చుట్టూ ఉన్న పిండిని తీసేయండి. పై పేపరు ఒలిచి, కట్టర్లను దగ్గర దగ్గరగా నొక్కి, అన్నీ కోశాక మిగులు పిండిని మాత్రం లాగేయాలి. బొమ్మలు పేపరు మీదే ఉంటాయి, పేపరుతో సహా ట్రేలోకి జరపడమే. ఆ పేపరు ఓవెన్ వేడికి తట్టుకుంటుందని ప్యాకెట్ మీద ఉందో లేదో చూసుకోండి. మిఠాయిలు చుట్టే పల్చటి బటర్ పేపర్ ఇందుకు పనికిరాదు, అంటుకుపోతుంది. కట్టర్‌ను మైదాలో కంటే బియ్యప్పిండిలో ముంచితే బాగా వదులుతుంది, ఎందుకంటే బియ్యప్పిండి తడికి జిగురుగా మారదు. మిగులు పిండిని దగ్గరికి నొక్కి, పది నిమిషాలు చల్లబరచి మళ్లీ ఒత్తండి. మూడోసారి ఒత్తినదానితో చేసేవి గట్టిగానే ఉంటాయి, వాటిని మామూలు గుండ్రని బిళ్లలుగా కోసేయడం మంచిది.

స్ప్రింగు సెట్లు

ఇవి సాధారణంగా నాలుగు బొమ్మల సెట్లుగా వస్తాయి, అడవి జంతువులో పెంపుడు జంతువులో. బయటి అంచు ఆకారం కోస్తుంది, లోపలి పలక కళ్లు, జూలు, చారలు అచ్చు వేస్తుంది. ప్యాకెట్ బిస్కెట్లకు అలవాటైన పిల్లలకు ఆ గీతలు కనబడితేనే అది సింహం, లేకపోతే పువ్వు అనుకుంటారు. ఆ రకంగా ఈ సెట్ విలువ ఎక్కువ.

వాడే పద్ధతిలో వరస తప్పకూడదు. ముందు బయటి అంచును పట్టుకుని కిందిదాకా దింపాలి. తర్వాత పైనున్న మీటను నొక్కి అచ్చు వేయాలి. ఆపైన కట్టర్‌ను పైకెత్తి, మళ్లీ మీట నొక్కి బొమ్మను ట్రే మీద దించాలి. చిన్నపిల్లలు సహజంగా మీటనే ముందు నొక్కుతారు. అప్పుడు పలక పిండిని కిందికి తోసి, కోత సగంలో ఆగి, ముద్ర ఒక పక్కకు పోతుంది. వేళ్ల బలం కూడా చాలదు. ఆరేళ్ల లోపు వద్దనడానికి కారణం ఇదే. తొందరపడి కొన్నవాళ్లు బయటి అంచు పెద్దవాళ్లు పట్టుకుని, మీట మాత్రం పిల్లలతో నొక్కించవచ్చు.

లోపలి గీతల లోతు 2 మిల్లీమీటర్లన్నా లేకపోతే కాల్చాక కనబడవు. నున్నగా, ఫొటోలో మాత్రమే గీతలున్న సెట్లు చాలా ఉన్నాయి. పిండి కూడా స్టీలు కట్టర్లకన్నా చల్లగా ఉండాలి, మెత్తబడితే గీతల్లో ఇరుక్కుని సింహం ముఖం కట్టర్‌లోనే మిగిలిపోతుంది. ప్రతిసారీ బియ్యప్పిండిలో ముంచి, నేలకేసి కాకుండా అరచేతికేసి తట్టి దులపండి. ప్లాస్టిక్ పెళుసు, పడితే అంచు చిట్లుతుంది, చిట్లిన ముక్క పిండిలో కలిసే ప్రమాదముంది. అంచు చిట్లిన కట్టర్‌ను దాచుకోకుండా పారేయండి. స్ప్రింగు విడదీయడానికి వీలున్న సెట్‌నే కొనాలి. వీలులేనిదైతే దాని చుట్టూ చేరిన బటర్ జిడ్డు పోదు, నీళ్లు నిలిచి స్ప్రింగు తుప్పు పడుతుంది.

త్రీడీ ప్రింటు కట్టర్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. డైనోసార్ల నుంచి ఏది అడిగితే అది చేసిస్తారు, అందం అందమే. కానీ పొరలు పొరలుగా పేర్చినవి కావడంతో పొరల మధ్య సన్నటి సందుల్లో జిడ్డు చేరుతుంది. వాటిని ఎక్కువగా చేసే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి మరిగే నీళ్లతో కడగలేం. పుట్టినరోజుకు ఒకసారి పెద్దవాళ్లు వాడుకోవచ్చు, పిల్లలు వారం వారం వాడే వస్తువు కాదు.

సంక్రాంతి, పెళ్లిళ్లకు పంచదార చిలకలు పోసే చెక్క అచ్చులు ఇళ్లలో ఉన్నవాళ్లు వాటితో ప్రయత్నిస్తామంటారు. అవి పాకం పోయడానికి చెక్కినవి, లోతెక్కువ. బిస్కెట్ పిండి వాటిలోంచి సజావుగా ఊడదు. దానికన్నా గవ్వల పీట ఇక్కడ పనికొస్తుంది: చేప ఆకారం కోసి ఆ పీట మీద మెల్లగా అద్దితే పొలుసుల్లా గీతలు పడతాయి.

కళ్లు, రంగు, కాల్పు

కళ్లకు నల్ల నువ్వులు చాలు. వేలికొస పాలలో తడిపి ఒక్క గింజను ఎత్తి అద్దమంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చేస్తారు. కేకుల మీద చల్లే గట్టి వెండి పూసలు, నిండు బాదం, జీడిపప్పు ఐదేళ్లలోపు పిల్లలకు పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. వేరే ఇంటి పిల్లలు వస్తే పాలు, గోధుమ, నువ్వులు పడవేమో ముందే అడగాలి. రంగుకు ఒక టేబుల్ స్పూన్ మైదా తీసి అంతే కోకో వేస్తే గోధుమరంగు ఏనుగు వస్తుంది. చిటికెడు పసుపుతో సింహం వస్తుంది, సోడా లేదు కాబట్టి పసుపు ఎర్రబడదు. బీట్‌రూట్ రసం పచ్చిగా ఉన్నప్పుడు గులాబీ రంగే, కాల్చితే మట్టి రంగుకు తిరుగుతుంది.

ట్రేను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఆలోపు ఓటీజీని (కరెంటు మీద నడిచే చిన్న ఓవెన్‌ను) పైనా కిందా రెండు రాడ్లూ వేసి 170 డిగ్రీలకు పది నిమిషాలు వేడిచేయాలి. మధ్య అరలో 12 నుంచి 14 నిమిషాలు. ఒకే ట్రేలో ఒకే సైజువి పెట్టండి, చేపలూ పెద్ద ఏనుగులూ కలిపితే చేపలు మాడతాయి. చిన్న ఓటీజీల్లో వెనక వైపు వేడెక్కువ, సగంలో ట్రే తిప్పాలి. అంచు లేత బంగారు రంగుకు రాగానే తీసేయాలి. మధ్యలో ఇంకా మెత్తగానే ఉంటుంది, ట్రే మీదే ఐదు నిమిషాలు ఉంచితే గట్టిపడుతుంది. గట్టిపడేదాకా ఓవెన్‌లో ఉంచడం వల్లే తోకలు నల్లబడతాయి. ఓటీజీ గాజు తలుపు బయటినుంచి కూడా కాలుతుంది, మీటరు దూరంలో నేల మీద టేపుతో గీత వేసి పిల్లల్ని అవతలే ఉంచండి.

ఓవెన్ లేకపోతే మందపాటి కడాయిలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు మధ్యరకం మంట మీద వేడిచేసి, బిస్కెట్ల పళ్లెం పెట్టి సన్న మంట మీద 15 నుంచి 20 నిమిషాలు కాల్చవచ్చు. పైన రంగు అంతగా రాదు. కుక్కర్ వాడితే రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. ఇంకో దారి, మనకు అలవాటైన మైదా బిస్కెట్లలాగా నూనెలో వేయించడం. స్టీలు కట్టర్లు దానికీ బావుంటాయి. కానీ పైన చెప్పిన పిండిలో బటర్ ఎక్కువ, నూనెలో విడిపోతుంది. దానికి కప్పు మైదాకు రెండు చెంచాల నెయ్యి, మూడు చెంచాల పంచదార పొడి వేసి పాలతో గట్టిగా కలపాలి. 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, కోసిన బొమ్మకు ఫోర్కుతో నాలుగు చోట్ల గుచ్చకపోతే పూరీలా పొంగి ఏ జంతువో తెలియదు. పిల్లల పని కోతతో అయిపోవాలి, మూకుడు దగ్గర పెద్దవాళ్లే.

బిస్కెట్లు పూర్తిగా చల్లారాక గట్టి మూత డబ్బాలో పెడితే వారం పది రోజులుంటాయి. వానాకాలం మెత్తబడితే 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు వేడిచేస్తే మళ్లీ కరకరలాడతాయి. కట్టర్లను నీళ్లలో నానబెట్టొద్దు. గోరువెచ్చటి నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో మూలలు రుద్ది, స్టీలువైతే అప్పుడే ఆపిన ఓటీజీలో వెచ్చదనం ఉండగా ఐదు నిమిషాలు ఉంచండి, అతుకుల్లో తడి ఆరిపోతుంది. ప్లాస్టిక్‌వి మాత్రం ఓటీజీలో పెట్టకుండా స్ప్రింగు విప్పి, గుడ్డ మీద గాలికి ఆరబెట్టాలి.